మగ్గం ఆగిన రోజు పుస్తకం తెరుద్దాం

(సమాఖ్య వార్షికోత్సవ సభలో ఒక చేనేత సహకార సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)

 

నెలనెలా మీరు పుస్తకం పెట్టుకొని కూర్చుంటారంట కదా, దాన్ని గురించి నాలుగు మాటలు చెప్పండి అని సమాఖ్య పెద్దలు అడిగినారు. మాది ఎనిమిదో తరగతి చదువు. సాహిత్యం మీద ఉపన్యాసం ఇచ్చే చదువు కాదు. అయినా కూటం ఎట్ల నడుస్తుందో, ఎందుకు నడపాలనుకుంటా ఉండామో మాకి తెలుసు. అదే చెప్తాము.

ముందు రోజు సంగతి. అమావాస్య నాడు మగ్గం ఎక్కకూడదు అనేది మన పెద్దల కాలం నుంచి వచ్చిన వాడుక. ఇప్పుడు కొందరు పాటిస్తారు, కొందరు పాటించరు. మా వీథిలో ఇంకా పాటిస్తా ఉండారు. పొద్దున పూజ అయిపోతుంది. మధ్యాన్నం అన్నం తిన్నాక చేతికి పని ఉండదు. ఆ పొద్దులో మేము సంఘం గోదాములో నూలు మూటలు ఒక పక్కకి జరిపి చాపలు వేస్తాము. మూడు గంటలకి మొదలు పెడితే ఐదు గంటలకి ముగించేస్తాము. వచ్చేది పదిహేను మంది, ఇరవై మంది. పెండ్లిళ్ల కాలంలో ఎనిమిది మందే వచ్చిన నెలలు ఉండాయి. ఎనిమిది మంది వచ్చినా చదివేది నిలపలేదు.

పద్ధతి చాలా సులభం. ఒకరు గట్టిగా చదువుతారు, మిగతావాళ్లు వింటారు. ఒక మనిషి ఇరవై నిమిషాలకి మించి చదవకూడదు, గొంతు అలిసిపోతే వినేవాళ్లకి నిద్ర వస్తుంది. చదివేటప్పుడు మధ్యలో ఎవురూ వ్యాఖ్యానం చెయ్యకూడదు. తెలియని మాట వస్తే మాత్రం చెయ్యి ఎత్తొచ్చు. తెలిసినవాళ్లు అర్థం చెప్తారు, ఆ మాట నోటుబుక్కులో రాసుకుంటాం. చదివేది అయిపోయినాక మొదట మాట్లాడే హక్కు బడికి పోనివాళ్లది. తరువాత పిలకాయలది. కార్యదర్శి, అధ్యక్షుడు, కమిటీ వాళ్లు చివర్లో మాట్లాడాలి. ఈ కట్టుబాటు లేకపోతే ఏమవుతుందో మీకు తెలుసు. పెద్దమనుషులే మాట్లాడుతా ఉంటారు, మిగతావాళ్లు తల ఊపి ఇంటికి పోతారు.

చదువుకునేవాళ్ల కూటాలు వేరే మాదిరి ఉంటాయి. అమెరికాలో డెట్రాయిట్ ఊర్లో మన తెలుగువాళ్లు 1998లో డెట్రాయిట్ తెలుగు లిటరరీ క్లబ్ అని పెట్టుకున్నారు. నెలకి ఒకసారి కలుసుకొని ఒక తెలుగు పుస్తకం మీద మాట్లాడుకుంటారు. అంత దూరం పోయి, అంత పని ఒత్తిడిలో ఉండి, ఇన్నేండ్లు నిలబెట్టుకున్నారంటే మెచ్చుకోవాల. అయితే వాళ్లు పుస్తకం ఇంట్లో చదువుకొని కూటానికి వస్తారు. మేము కూటానికి వచ్చి చదువుకుంటాము. తేడా అంతే. ఎందుకు ఈ తేడా అంటే, మా చాప మీద కూర్చునే ఇరవై మందిలో తెలుగు పుస్తకం సొంతంగా చదవగలిగేవాళ్లు ఆరేడు మందే.

ఇది మన ఇండ్ల సంగతి. దాచేదేమీ లేదు. అరవై దాటిన మగవాళ్లలో కొందరు తెలుగు బడిలో చదివినోళ్లు ఉండారు. అదే వయసు ఆడవాళ్లలో బడి ముఖమే చూడనివాళ్లు జాస్తి. పిలకాయలేమో తమిళం చదువుతారు, ఇంగ్లీషు చదువుతారు. 2006లో మన రాష్ట్రంలో తమిళం నేర్చుకునే చట్టం వచ్చింది. ఆ ఏడాది ఒకటో తరగతితో మొదలు పెట్టి, ఏటా ఒక్కో తరగతి పైకి, తమిళం తప్పనిసరి అయింది. మేము దాన్ని తప్పు పట్టడం లేదు. ఈ రాష్ట్రంలో బతికేవాళ్లు తమిళం బాగా నేర్చుకోవాల్సిందే, సిప్‌కాట్‌లో ఉద్యోగానికి అయినా, తాలూకా ఆఫీసులో అర్జీకి అయినా అదే కావాల. అయితే తమిళం వచ్చిన ఇంట్లో నుంచి తెలుగు అక్షరం బయటికి పోవాలని ఏ చట్టంలోనూ లేదు. పోతా ఉండాది అంటే మన ఇంట్లో దాన్ని పట్టుకునేవాళ్లు లేక పోతా ఉండాది.

మా పిలకాయలు తెలుగు మాట్లాడతారు. అవ్వతో మాట్లాడతారు, గుడిలో మాట్లాడతారు, కోపం వస్తే తెలుగులోనే తిట్టుకుంటారు. అక్షరం మాత్రం రాదు. కన్ను చదవలేకపోయినా చెవి వినగలదు. మా కూటం ఆ చెవిని నమ్ముకొని నడుస్తా ఉండాది.

గట్టిగా చదివి వినిపించేది కొత్త సంగతి కాదు. క్యూబా దేశంలో చుట్టలు చుట్టే కార్ఖానాల్లో 1865 నుంచి ఒక వాడుక ఉండాది. పనివాళ్లు వరసగా కూర్చొని పొగాకు చుడతా ఉంటే, ఎత్తుగా వేసిన పీట మీద ఒక మనిషి కూర్చొని పొద్దున పత్రికలు, మధ్యాన్నం నవలలు చదివేవాడు. ఆ మనిషికి కూలి ఇచ్చింది యజమాని కాదు, పనివాళ్లే తలా కొంత వేసుకొని ఇచ్చేవాళ్లు. మాంటెక్రిస్టో అనే పేరున్న చుట్టలకి ఆ పేరు అట్ల విన్న నవల నుంచే వచ్చిందని చెప్తారు. అక్షరం రాని పనివాళ్లు నవలలో మనుషుల మంచిచెడ్డల మీద వాదించుకునేవాళ్లంట.

ఈ సంగతి మా కూటంలో చెప్పినప్పుడు ఒక అక్క అనింది: వాళ్ల చేతులు చప్పుడు చెయ్యవు, మన చేతులు చప్పుడు చేస్తాయి కదా అని. నిజమే. నాడె ఇటు అటు కొట్టుకుంటా ఉంటే పక్కన మనిషి మాట వినపడదు. కాబట్టి మనకి పని చేసేటప్పుడు పుస్తకం కుదరదు. మగ్గం ఆగిన రోజే కుదురుతుంది. అందుకే అమావాస్య.

ఏమేమి చదివినాము అంటే రెండు మూడు చెప్తాము.

గురజాడ అప్పారావుగారి 'దిద్దుబాటు' చదివినాము. 1910లో వచ్చిన కథ, చిన్నది, ఒక్క కూర్చోవడంలో అయిపోతుంది. మొగుడు రాత్రి పొద్దుపోయేదాకా పాటకచేరీల చుట్టూ తిరిగి ఇంటికి వస్తే, పెండ్లాం ఉండదు, ఆమె రాసిపెట్టిన ఉత్తరం ఉంటుంది. ఆయప్ప భయపడిపోతాడు, చేసింది తప్పని తెలుసుకుంటాడు. ఆయమ్మ ఇంట్లోనే దాక్కొని ఉంటుంది. అందరూ నవ్వినారు. మగవాళ్లు మొగుడి సంగతి మాట్లాడినారు, కోడండ్లు ఆయమ్మ తెలివి సంగతి మాట్లాడినారు. డెబ్బై దాటిన ఒక అవ్వ, ఆమె ఏ బడికీ పోలేదు, చెప్పిన మాట మాకి ఇప్పటికీ గుర్తుండాది. "ఆ బిడ్డకి రాసేది వచ్చింది కాబట్టి కథ అయింది. మాకి రాసేది రాక ఊరికే ఏడ్చి పండుకున్నాము" అనింది. గోదాములో కాసేపు ఎవురూ మాట్లాడలేదు. ఆ తరువాత నెల ఆ అవ్వ మనవరాలు పలక తీసుకొని వచ్చింది. అవ్వ ఇప్పుడు తన పేరు తెలుగులో రాస్తుంది.

స. వెం. రమేశ్‌గారి 'ప్రళయకావేరి కథలు' నుంచి కొన్ని చదివినాము. పులికాట్ సరస్సు, దాంట్లో ఉండే దీవులు, అక్కడి తెలుగువాళ్ల బతుకు. తమిళనాడుకి ఆంధ్రాకి మధ్య ఉండే నేల అది. మా వాళ్లు సముద్రం పక్కన ఉండేవాళ్లు కాదు, చేపల పేర్లు తెలియవు. అయినా కథ మొదలు పెట్టిన కాసేపటికే ముఖాలు మారినాయి. ఎందుకంటే ఆ పుస్తకంలో మాట ఇంట్లో మాట మాదిరి ఉండాది. పుస్తకం అంటే విజయవాడ, గుంటూరు మాటే ఉండాల, మనం మాట్లాడేది తెలుగే కాదేమో అని మనలో చాలామందికి ఒక సిగ్గు ఉండాది. సినిమా చూసినా, టీవీ చూసినా ఆ సిగ్గు పెరుగుతుంది. హద్దు మీద ఉండే మనుషుల మాట కూడా అచ్చుకి ఎక్కుతుంది అని తెలిసినాక ఆ సిగ్గు కొంచెం తగ్గింది. మన హోసూరు, కృష్ణగిరి, ఆ పక్క కోలారు, చిత్తూరు వైపు కొంత భాగం కలిపి పెద్దలు మొరసునాడు అంటారు. ఈ నాడు కథలు కూడా పుస్తకాలుగా వచ్చినాయి. అవి కొని సంఘంలో పెట్టుకోవాల్సిన పుస్తకాలు.

పిలకాయల కోసం ఇంకో దారి పట్టినాము. మన హోసూరు పక్కన తొరపల్లిలో 1878లో పుట్టిన రాజాజీ తమిళంలో రామాయణం రాసినారు. ఆ పుస్తకానికి 1958లో సాహిత్య అకాడెమీ బహుమానం వచ్చింది. అది తీసుకొచ్చి తొమ్మిదో తరగతి పిల్ల చేతికి ఇచ్చినాము. ఆ పిల్ల తమిళంలో చదివింది, పెద్దవాళ్లు విన్నారు, మాట్లాడింది మాత్రం అందరూ తెలుగులోనే. అంతవరకు మూలలో కూర్చొని ఫోన్ చూసే పిల్ల, పెద్దవాళ్లకి చదివి వినిపించినాక కొంచెం నిటారుగా కూర్చుంది. ఆ పిల్లే ఇప్పుడు ఆ తెలుగు అక్షరం ఏమి, ఈ అక్షరం ఏమి అని అడుగుతా ఉండాది. పిలకాయల్ని తెలుగు నేర్చుకో అని తిడితే రారు. నీకి వచ్చింది మాకి చదివి చెప్పు అంటే వస్తారు.

మనలో ఇంట్లో కన్నడం మాట్లాడే కుటుంబాలు కూడా ఉండాయి. వాళ్లు దేవర దాసిమయ్య సంగతి చెప్పినారు. కన్నడంలో వచనాలు చెప్పిన తొలితరం వాళ్లలో ఒకరు, బట్ట నేసి బతికినవారు. జేడర దాసిమయ్య అని కూడా అంటారు, జేడర అంటే నేసేవారు. ఉత్తరాన కబీరు నేసినవారే. తిరువళ్లువరు కూడా నేసినవారే అని తమిళంలో తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ రోజు ఒక కుర్రవాడు, ఇంత పెద్దవాళ్లు మన పని చేసినోళ్లా అని అడిగినాడు. మగ్గం వదిలి కంపెనీకి పోతా ఉండే కుర్రవాడు వాడు. పోవద్దని మేము చెప్పలేదు, కూలి ఎంతొస్తుందో మాకి తెలుసు. పోయేవాడు తలెత్తుకొని పోతే చాలు.

ఇంగ ఒక ప్రశ్న. ఇది ప్రతి సభలోనూ వస్తుంది, కాబట్టి మేమే ముందుగా చెప్పేస్తాము. పుస్తకం చదివితే కూలి పెరుగుతుందా, నూలు ధర తగ్గుతుందా? సంఘం గోదాము పుస్తకాలకా, నూలుకా?

కూలి పెరగదు. అబద్ధం చెప్పము. అయితే సహకార సంఘం అనేది నూలు ఇచ్చి బట్ట తీసుకునే అంగడి ఒకటే కాదు. దీని పుట్టుక చూడండి. ఇంగ్లండులో రాచ్‌డేల్ ఊర్లో 1844లో ఇరవై ఎనిమిది మంది కలిసి సహకార అంగడి తెరిచినారు. వాళ్లలో నేతగాళ్లు ఉండారు. వెన్న, చక్కెర, పిండి, ఓట్లు, కొవ్వొత్తులు, ఇవే అమ్మినారు. అట్లాంటి అంగడివాళ్లు కొన్నేండ్లకే పై అంతస్తులో పత్రికలు, పుస్తకాలు చదివే గది పెట్టినారు. మిగులులో నూటికి రెండున్నర వంతు చదువుకని పక్కన పెట్టేది కట్టుబాటు చేసుకున్నారు. ఆకలితో మొదలు పెట్టినవాళ్లు చదువుకి ఎందుకు తీసి పెట్టినారు? లెక్క చదవలేని సభ్యుడు ఉండే సంఘం, లెక్క రాసే మనిషి చేతిలోకి పోతుందని వాళ్లకి తెలుసు. ఈ పొద్దు ప్రపంచం అంతా ఒప్పుకున్న ఏడు సహకార సూత్రాల్లో ఐదోది సభ్యుల చదువు, శిక్షణ, సమాచారం.

అంత దూరం ఎందుకు, మన తెలుగు నేతగాళ్ల సీమలోనే చీరాల పక్కన వేటపాలెం ఉండాది. అక్కడ 1918లో సారస్వత నికేతనం అనే గ్రంథాలయం మొదలయింది. 1929లో గాంధీగారు వచ్చి దాని కట్టడానికి శంకుస్థాపన చేసినారు. నూరేండ్లు దాటినా నిలిచి ఉండాది. మగ్గాల చప్పుడు వినపడే ఊర్లో అంత పెద్ద గ్రంథాలయం పెట్టుకోవచ్చు అంటే, మన గోదాములో ఒక బీరువా పెట్టుకోలేమా?

మా కూటంలో కథలే కాకుండా వేరేవి కూడా చదువుతాము. సంఘం నిబంధనావళి తీసి మూడు అమావాస్యలు చదివినాము. తమిళంలో ఉండాది, ఒక పిల్లవాడు చదివినాడు, పెద్దవాళ్లు తెలుగులో విడమరిచి చెప్పినారు. కథ అంత రుచిగా లేదు, ఇద్దరు నిద్రపోయినారు కూడా. కానీ తరువాత వచ్చిన మహాజన సభలో ఆడవాళ్లు లేచి, మా కూలిలో పట్టే పొదుపు డబ్బు ఎంత జమ అయింది, వాటాధనం ఎవురి పేరు మీద ఉండాది అని అడిగినారు. అంతకు ముందు ఆ సభలో ఆడగొంతు వినపడింది తక్కువ. జవాబు చెప్పేటందుకు మేము లెడ్జరు తెచ్చి పేరు పేరుకి చదివి వినిపించాల్సి వచ్చింది. కార్యదర్శికి పని జాస్తి అయింది. సంఘానికి మంచి అయింది.

1985లో వచ్చిన చేనేత రిజర్వేషన్ చట్టం గురించి కూడా చదువుకున్నాము. మొదట 22 రకాలు, తరువాత తగ్గించి 11 రకాలు, చేనేతకే కేటాయించినారు. చీర, పంచె, తువాలు, లుంగీ, దుప్పటి, జంఖానా ఇట్లాంటివాటిలో చట్టం చెప్పిన రకాలు పవర్‌లూమ్ మీద నెయ్యకూడదు. ఈ చట్టం మన కోసం పుట్టింది. నలభై ఏండ్లు మగ్గం మీద కూర్చున్న మనిషికి ఆ పదకొండు ఏమేమో తెలియకపోతే, సంతలో ఎవురైనా మరమగ్గం బట్టని చేనేత అని అమ్ముతా ఉంటే ఏమని అడుగుతాడు?

ఇంకో లెక్క కూడా చెప్తాము. దేశంలో 2019-20లో జరిగిన నాలుగో చేనేత గణనలో నేసేవాళ్లు, దాని అనుబంధ పని చేసేవాళ్లు కలిపి 35 లక్షలకి పైగా తేలినారు. వాళ్లలో నూటికి డెబ్బైకి పైగా ఆడవాళ్లే. కండెలు చుట్టేది, ఆసు పోసేది, అచ్చు అతికేది, జాస్తిగా వాళ్లే. చదువు తక్కువ దక్కింది కూడా వాళ్లకే. అందుకే మా కూటం ఆడవాళ్లకి కుదిరే పొద్దులో పెడతాము. ఐదు గంటలకి ముగించేది కూడా అందుకే, ఇంటికి పోయి దీపం పెట్టాల, పొయ్యి వెలిగించాల. రాత్రి ఎనిమిది గంటలకి కూటం పెట్టి, ఆడవాళ్లు రావడం లేదు అని చెప్పకూడదు.

ఇప్పుడు మా దిగులు ఒకటి చెప్పి ముగిస్తాము. మా కూటంలో తెలుగు చదవగలిగే ఆరేడు మందిలో నలుగురు అరవై దాటినవాళ్లు. ఒకాయనకి కంటి ఆపరేషన్ అయింది. ఇంకొకాయన కొడుకు దగ్గరికి బెంగళూరు పోయినాడు. పదేండ్లకి చదివేవాళ్లే లేకపోతే, బీరువాలో పుస్తకాలు ఉంటాయి, వినే చెవులు ఉంటాయి, మధ్యలో గొంతు ఉండదు. పడుగు ఉండి పేక లేకపోతే బట్ట ఎట్ల అవుతుంది?

కాబట్టి సమాఖ్యలో ఉండే ప్రతి సంఘాన్ని మేము నాలుగు అడుగుతాము.

ఒకటి, మీ సంఘంలో అమావాస్య మధ్యాన్నం రెండు గంటలు పుస్తకానికి ఇవ్వండి. ఐదు మంది వచ్చినా మొదలు పెట్టండి. టీ, బన్ను పెడితే ఇంకో ఐదు మంది వస్తారు.

రెండు, ఇంటికి ఒక్క బిడ్డకి తెలుగు అక్షరాలు నేర్పండి. అందరికీ కుదరదని మాకి తెలుసు. ఒక్కరు చాలు. ఆ బిడ్డ ఏడాదిలో ఒక్క అమావాస్యకి ఒక్క పేజీ చదివితే చాలు. మీ ఇంట్లో ఆ ఒక్కరు ఉంటే, మీ తాత రాసిన చీటీ, మీ అవ్వ పాడిన పాట రాసుకున్న నోటుబుక్కు, చెత్తలోకి పోదు.

మూడు, తెలుగు చదవగలిగిన పెద్దవాళ్లు సిగ్గుపడకుండా గట్టిగా చదవండి. తడబడినా పరవాలేదు. మేము కూడా ఒత్తక్షరాల దగ్గర ఆగి ఆగి చదివేవాళ్లమే. సెల్‌ఫోన్‌లో మీ గొంతు రికార్డు చేసి పెట్టమని పిలకాయలకి చెప్పండి. బెంగళూరులో, చెన్నైలో పని చేసే మన బిడ్డలకి అది పంపితే వింటారు.

నాలుగు, ఏటా సంఘం మిగులులో నుంచి కొంత పుస్తకాలకని మహాజన సభలో తీర్మానం చేయించండి. చిన్న మొత్తమే అయినా తీర్మానంగా ఉండాల. దానంగా వచ్చిన పుస్తకం మూల పడుతుంది. మన డబ్బు పెట్టి కొన్న పుస్తకాన్ని మనం అడిగి చదివించుకుంటాము.

మా కూటానికి రావాలనుకునేవాళ్లు ఏ అమావాస్యకైనా రావొచ్చు. పుస్తకం తేవాల్సిన పని లేదు, చదివేది రావాల్సిన పని లేదు. చెవి ఉంటే చాలు. వచ్చే నెల చదవాల్సింది ఇంకా నిర్ణయం కాలేదు. మొన్న చెప్పిన ఆ డెబ్బై ఏండ్ల అవ్వ వేమన కావాలంటా ఉండాది. పిలకాయలు దయ్యం కథలు కావాలంటా ఉండారు. రెండూ పెట్టేటట్టుగా ఉండాది.